ఏ బల్బు వెలగాలి

పోయిన చలికాలం టెక్సాస్ పడమటి మైదానాల మీద ఎగురుతుండగా వోల్టు మీటరు 14.2 నుంచి 12.5కి జారింది. ఎర్రదీపం వెలిగింది. ఇరవై అయిదు నిమిషాల్లో దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగిపోయాను. ఇంజను మీది రేకులు విప్పి చూస్తే ఆల్టర్నేటర్‌కి వెళ్ళే సన్నటి ఫీల్డు వైరు, దాని చివర బిగించిన లగ్గు మొదట్లో తెగి వేలాడుతోంది. ఆ లగ్గు నొక్కింది నా చేతులే. కాసేపు రెక్క కింద అలా కూర్చుండిపోయాను.

నాది ఆర్‌వీ-7 అనే చిన్న విమానం. వ్యాన్స్ కంపెనీ కిట్టు తెచ్చి గరాజులో రివెట్టు రివెట్టుగా కట్టుకున్నది. ఇంజనుకి నిప్పురవ్వనిచ్చే పాతకాలపు మాగ్నెటోలైతే తమకు కావలసిన కరెంటు తామే పుట్టించుకుంటాయి, బ్యాటరీ చచ్చినా ఇంజను నడుస్తుంది. నేను రెండు మాగ్నెటోలనూ తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. పెట్రోలు కలిసొస్తుంది, చలిలో ఇట్టే స్టార్టవుతుంది. కానీ ఆ రోజు నుంచీ కరెంటు పోవడమంటే ఇంజను పోవడమే. టాంకుల్లో 159 లీటర్లు, అంటే దాదాపు అయిదు గంటల ఎగురుడు. బ్యాటరీ చూస్తే 17 ఆంపియర్ అవర్లు, కొత్తదైనా గట్టిగా రెండు గంటలు.

అందుకే రెండో ఆల్టర్నేటర్ పెట్టాలనుకున్నాను. దానికి చోటు ఇంజను వెనకే దొరికింది. గైరోలను తిప్పడానికి అక్కడ వ్యాక్యూమ్ పంపు ఉండేది. డయల్స్ పోయి తెరలు వచ్చాక పంపుతో పనిలేక, ఆ చోటుకి మూత బిగించి వదిలేశారు. లైకమింగ్ ఇంజన్లో క్రాంకు ఒక చుట్టు తిరిగితే అక్కడి గేరు 1.3 చుట్లు తిరుగుతుంది. బెల్టు లేదు, అదే నాకు బాగా నచ్చింది. ముందున్న పెద్ద ఆల్టర్నేటర్ బెల్టు మార్చాలంటే ప్రొపెల్లర్ విప్పాల్సిందే మరి.

నేను పెట్టింది 8 ఆంపియర్ల బుల్లి డైనమో. లోపల శాశ్వత అయస్కాంతాలే, ఫీల్డు వైరే అక్కర్లేదు. నాలుగు నట్లు. మూడు అరగంటలో బిగిశాయి. నాలుగోది ఆయిల్ ఫిల్టరుకీ ఫైర్‌వాల్‌కీ మధ్య, కంటికి కనబడదు. ఒక పానాని సగానికి కోసి, మూతిని గ్రైండరు మీద పల్చగా అరగదీశాను. అద్దం పెట్టుకుని, ఒక్కో విసురుకి ఆరో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ పోతే ఆ ఒక్క నట్టుకే మధ్యాహ్నం అయిపోయింది. ఈసారి లగ్గు దగ్గర వైరు అదరకుండా క్లాంపు వేశాను. దీని వైరు, ఫ్యూజు, స్విచ్చు అన్నీ వేరు. పెద్దదాని జబ్బు దీనికి అంటకూడదు.

పానా పని కంటే పెన్సిలు పని కష్టమైంది. మన ఊళ్ళో ఇన్వర్టర్ పెట్టించేటప్పుడు ఎలక్ట్రీషియన్ అడుగుతాడు చూడండి, ఏ ఫ్యాను, ఏ లైటు ఈ లైను మీద ఉండాలని. సరిగ్గా అదే ప్రశ్న. ఇగ్నిషన్లు ఉండాలి. ఒక తెర, ఒక రేడియో, ట్రాన్స్‌పాండర్ ఉండాలి. ల్యాండింగు లైటు వద్దు. పిటో హీటరు ఒక్కటే ఈ ఎనిమిదీ మింగేస్తుంది. ఆటోపైలట్ దగ్గర చాలాసేపు ఆగాను. మబ్బుల్లో ఒంటరిగా ఉన్నప్పుడు అది రెండో పైలట్ లాంటిది. చివరికి ఉంచాను, లోపలి దీపాలూ యూఎస్‌బీ సాకెట్లూ తీసేశాను. నేలమీద లెక్క వేస్తే 6.8 ఆంపియర్లు తేలింది.

"ఇదీ పోతే ఏంటండీ?" అంది మా ఆవిడ, కాగితం మీదికి వంగి. "అప్పుడు బ్యాటరీ. కొత్తది వేశాను, ఏటా మారుస్తాను," అన్నాను. ఆమె కాగితం అడుగున ఆ రోజు తారీఖు రాసింది.

అదనంగా ఎక్కిన బరువుని తూకం లెక్కలో చేర్చి, లాగ్‌బుక్కులో రాసి, పోయిన శనివారం ఒక్కణ్ణే పైకి వెళ్ళాను. విమానాశ్రయం మీదే 4,000 అడుగుల ఎత్తులో చక్కర్లు కొడుతూ పెద్ద ఆల్టర్నేటర్ ఆపాను. వోల్టు మీటరు 12.7 చూపించింది. అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటే ఆపి, చిన్నదాని స్విచ్చు వేశాను. ముల్లు కాసేపు అక్కడే నిలబడి, మెల్లగా 13.6 దాకా ఎక్కింది. అలాగే గంటసేపు ఎగిరాను. రన్‌వే దగ్గరికి వచ్చి థ్రాటిల్ తగ్గించగానే మళ్ళీ దిగింది. చుట్లు తగ్గితే డైనమో చాలినంత కరెంటు ఇవ్వలేదు, ల్యాండింగు వేళ బ్యాటరీయే దిక్కు. ఆ సంగతి చెక్‌లిస్టులో రాసుకున్నాను.