మూసలో పడిన సంఘము

ప్రియ చదువరీ, కంసాలి మూసను నీవెరుగుదువు. అందులో లోహము కరగి, మష్టు తేలి, మేలిమి నిలుచును. అమెరికా నాటకకర్తయగు ఆర్థర్ మిల్లర్ 1953లో ప్రదర్శింపబడిన తన నాటకమునకు ఆ మూస పేరే పెట్టెను. అదియే ‘ది క్రూసిబుల్’. ఆ మూసలో పడినది మంత్రగత్తెలు కారు, ప్రార్థన చేయు సంఘమే.

దీనికి ఆధారము జరిగిన చరిత్రయే. 1692లో మసాచుసెట్స్‌లోని సేలం గ్రామమున, పాదిరిగారి యింటనే, ఇద్దరు బాలికలు వింత మూర్ఛలకు లోనైరి. ఫలాని స్త్రీ యొక్క ఛాయ వచ్చి తమ్మును బాధించెనని బాధితులు చెప్పిన చాలును. ఇతరుల కంటికి కనబడని ఆ ఛాయను న్యాయస్థానము సాక్ష్యముగా గైకొనెను. 19 మంది ఉరితీయబడిరి. విచారణకు లోబడనొల్లని గైల్స్ కోరీ యను వృద్ధుడు రాళ్ల బరువు క్రింద నలిగి మరణించెను. డెబ్బది యేండ్లు దాటిన రెబెకా నర్స్‌ను జూరీ మొదట నిర్దోషియని చెప్పి, మరల దోషియనెను. ఆమె స్వంత సంఘమే ఆమెను వెలివేసెను.

మిల్లర్ ఒక భయంకర సత్యమును చక్కగా పట్టుకొనెను. నేరము ఒప్పుకొన్నవారు ఉరి తప్పించుకొనిరి, అబద్ధమాడనొల్లనివారు ఉరికంబమెక్కిరి. ఒప్పుకొనుట మాత్రము చాలదు, ఇతరుల పేర్లు కూడ చెప్పవలెను. నాటకములోని జాన్ ప్రాక్టర్ ఆ పని చేయనొల్లడు. కమ్యూనిస్టులను వెదకుచున్న ఆనాటి అమెరికాను తలంచియే మిల్లర్ దీనిని వ్రాసెను. 1956లో ఆయననే చట్టసభ సంఘము పిలిచి పేర్లడుగగా ఆయన చెప్పలేదు. 1957లో పడిన శిక్ష 1958లో అప్పీలుమీద కొట్టివేయబడెను.

అయినను ఇందులో రెండు కొరతలున్నవి. నిజమైన అబిగెయిల్ విలియమ్స్ 11, 12 ఏండ్ల పిల్ల; ప్రాక్టర్ 60 ఏండ్ల వయస్సువాడు. మిల్లర్ ఆమెను 17 ఏండ్ల యువతిని చేసి, అతనిని యువకుని చేసి, వారికి అక్రమ సంబంధము కల్పించెను. అందువలన చూచువారు ఒక పిల్ల దుర్బుద్ధిని నిందించి నెమ్మదిగా ఇంటికి పోవచ్చును. కాని ఫిర్యాదులపై చేవ్రాలు చేసినది పెద్దలు. తీర్పు చెప్పినది భక్తిపరులు.

రెండవది, తెర ఉరితీయు వేళనే పడును. న్యాయాధిపతుల పశ్చాత్తాపము రంగస్థలముపైకి రాలేదు. 1697లో ఉపవాస దినమున, న్యాయాధిపతులలో ఒకడైన సామ్యూల్ సీవల్ బోస్టన్ దేవాలయములో సంఘము ఎదుట నిలువబడి, తన దోషపు ఒప్పుకోలును పాదిరిచేత చదివించెను. నేరములు మోపిన ఆన్ పట్నం కూడ 1706లో అట్లే చేసెను. ఈ దృశ్యము నాటకములో లేకపోవుట గొప్ప లోటు.

చదువరీ, సేలం దూరమని తలంపకుము. చేతబడి, బాణామతి అను నెపమున మన తెలుగు పల్లెలలోను ప్రాణములు పోయినవి. 2018లో పిల్లల దొంగలు వచ్చిరను వదంతి వాట్సాప్‌లో వ్యాపింపగా, అనేక రాష్ట్రములలో అమాయకులు గుంపులచేత చంపబడిరి. ఆ వార్తను పంపినవారిలో చాలమంది దేనిని కన్నులార చూచిరి?

ఒక్క సాక్షి మాటమీద ఎవనిని దోషిగా ఎంచరాదని ద్వితీయోపదేశకాండము నేర్పుచున్నది. సేలం పెద్దలు ఆ గ్రంథమును ప్రతిదినము చదివినవారే. కనుక నీ పొరుగువానిగూర్చి చెడుమాట నీ చెవిని పడినప్పుడు, అది నీయొద్దనే ఆగునో, ముందుకు సాగునో, నీవే నిర్ణయింపవలెను.