చార్మినార్ రూపాయిని కరిగించకండి

వికారాబాద్, తాండూరు పక్క పాత ఇళ్లలో ఇనప్పెట్టె అడుగున మిగిలే వెండి రూపాయలు రెండు రకాలు. ఒకటి ఇంగ్లీషు రాజు తలకాయ ఉన్న కల్దార్, రెండోది చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా. పోగుచేసేవాళ్లలో ఎక్కువమంది కల్దార్ వెంట పడతారు. వాళ్లిష్టం. నేను మాత్రం హాలీ పక్షం.

తోమని హాలీ రూపాయిని ఎండకు కాస్త వాల్చి చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇమిడే బిళ్ల మీద నాలుగు మీనార్లు, కమాను, దాని గుమ్మంలో ఒకే ఒక్క ఫార్సీ అక్షరం. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ప్రపంచమంతా రాజుల ముఖాలు అచ్చేసుకుంటున్న రోజుల్లో, నిజాం తన ముఖం వద్దనుకుని ఊరి కట్టడాన్ని నాణెం మీదికెక్కించాడు. ఆ అచ్చు చెక్కిన పనివాడి చేతికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

'అందులో వెండి తక్కువ' అని కల్దార్ అభిమానులు ఎగతాళి చేస్తారు. లెక్క చూద్దాం. కల్దార్ 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. హాలీ 11.18 గ్రాములు, 81.8 పాళ్లు. మారకం రేటు ఎంత? వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. రెండింట్లో ఉన్న అసలు వెండి తూచినా దాదాపు ఆ లెక్కే తేలుతుంది. ఇంతకంటే నిజాయితీ ఏం కావాలి?

అమెరికాలో మద్యనిషేధం (1920–33) నాటి వెండి డాలర్ల కోసం అక్కడివాళ్లు ఎగబడతారు. ఆ డాలర్లకు మన దేశంతో చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొస్తే 1918లో అమెరికా 27 కోట్ల డాలర్లు కరిగించింది. అందులో ఎక్కువ భాగం ఇండియాలో రూపాయలు కొట్టడానికే వచ్చింది. ఆ లోటు పూడ్చడానికే 1921 నుంచి మళ్లీ డాలర్లు కొట్టారు. హైదరాబాద్ సర్కారు కాగితం నోట్లు మొదలుపెట్టిందీ 1918లోనే.

హాలీని పట్టాలంటే ముందు అంకెలు చదవడం రావాలి. ఒకవైపు హిజ్రీ సంవత్సరం, మరోవైపు నిజాం గద్దెనెక్కిన తర్వాతి ఏళ్ల లెక్క. ఉస్మాన్ అలీఖాన్ 1329 రంజాన్‌లో గద్దెనెక్కాడు కాబట్టి 1337 నాణెం మీద 8 గానీ 9 గానీ పడాలి. 1361 నుంచి, అంటే 1942 నుంచి, వెండి సగానికి దిగింది. అంకెలు చదవనివాడు అది తెలియకుండానే అదే ధర ఇచ్చేస్తాడు.

మరి నకిలీలు! సంతల్లో బట్ట పరిచి గుట్టలు పోస్తున్నారు. పోతపోసినవాటి మీద మీనార్లు మైనంలా కరిగి కనిపిస్తాయి, అంచు గీతల మధ్య అతుకు తగులుతుంది, తూకం కుదరదు. అయస్కాంతానికి అంటుకుంటే ఇక మాటే అక్కర్లేదు. గుట్టంతా ఒకే సంవత్సరం కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోండి.

నకిలీకన్నా నాకు ఎక్కువ మండేది కొలిమి మీద. వెండి ధర ఎక్కినప్పుడల్లా లంబాడా తండాల్లో అవ్వల మెడలోని రూపాయల హారాలు కంసాలి దుకాణానికి చేరతాయి. కొక్కెం అతికిన నాణేనికి విలువ లేదని మా సేకర్తలే ముఖం తిప్పుకుంటారు. సిగ్గుచేటు. ఆ కొక్కెం కూడా చరిత్రే కదా! దుకాణంలో కల్తీ అని తరుగు తీసి, మిగిలిన తూకానికే డబ్బులిస్తారు.

నాణేలు ఏరడం పనిలేనివాళ్ల సరదా అనేవాళ్లకు కోటిలింగాల అనే ఊరి పేరు చాలు. అక్కడ సంగనభట్ల నరహరి శర్మ ఓపికగా పోగుచేసిన నాణేలను శాసన పండితుడు పరబ్రహ్మశాస్త్రి చదివాకే శాతవాహనుల ఆరంభ చరిత్రలో తెలంగాణకు చోటు దొరికింది. మెదడు ఆపరేషన్లు చేసిన డాక్టర్ దేమె రాజారెడ్డి నాణేల మీద పుస్తకాలే రాశారు.

అమ్మక తప్పని రోజే వస్తే, చింతపండుతో తోమకండి. కంసాలికి చూపించేముందు రెండువైపులా ఫోటో తీసి సంవత్సరం చదివించుకోండి. నూరేళ్లు దాటిన నాణెం చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. సైఫాబాద్ టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు, పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి.