పక్క కుర్చీవాడు పెట్టిన పేరు

రాజులను వలదనుకొన్న అమెరికాదేశమున జాజ్ సంగీతము మాత్రము తనకొక రాజును, ఒక డ్యూకును, ఒక కౌంటును, ఒక సామ్రాజ్ఞిని ఏర్పరచుకొని, వారి కొలువులో ఒక కుందేలును, ఒక కప్పను, ఒక పక్షిని, ఒక ఫిరంగిగుండును గూడ చేర్చుకొన్నది. పాత రికార్డుల అట్టలను వెనుకకు త్రిప్పి, అచ్చట సన్నని యక్షరములలో నుండు వాద్యకారుల పట్టికను చదువుట నాకు పాట వినుటతో సమానమైన వ్యసనము. ఏ పట్టిక చూచినను మొదటి పేరునకును ఇంటిపేరునకును నడుమ, ఉద్ధరణచిహ్నములలో ఇరికించిన మూడవ పేరొకటి తరచుగా కానవచ్చును. అది తల్లిదండ్రులు పెట్టినది కాదు, బడిపట్టీలో నెక్కినది కాదు. ఎవరు పెట్టిరి, ఏల పెట్టిరి అని వెదకికొనుచు పోగా, ఆ సంగీతము ఎట్టి మనుష్యుల నడుమ పెరిగినదో నాకు స్వరలిపులవలనకన్న ఈ పేరులవలననే యెక్కువగా తెలియవచ్చినది.

రాజు అను పేరు తొలుత న్యూ ఆర్లీన్స్ పట్టణమున కార్నెట్టు వాయించువారికి దక్కినది. బడ్డీ బోల్డెన్‌ను రాజనిరి. అతడు మతి చలించి 1907లో చికిత్సాలయము పాలైన పిమ్మట ఫ్రెడ్డీ కెప్పార్డును రాజనిరి. ఆ వెనుక కిరీటము జో ఆలివరు శిరమున కెక్కి అచ్చటనే నిలిచిపోయినది. ఈ రాజ్యమునకు వంశము లేదు, శాసనము లేదు. వీథిలో రెండు మేళము లెదురుపడినప్పుడు ఎవ్వని స్వరము చుట్టును జనము మూగునో వాడే రాజు. రాజ్యము పోయినను పేరు పోదనుటకు ఆ ఆలివరే నిదర్శనము: పండ్లును చిగుళ్లును చెడి, వాయించు శక్తి యుడిగి, జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణమున నొక బిలియర్డ్సు శాలను ఊడ్చి తుడుచు కూలివాడై 1938లో మరణించిన ఆ మనుష్యుని చరిత్రకారు లందరును నేటికిని కింగ్ ఆలివర్ అనియే వ్రాయుదురు.

ఆ రాజును 'పాపా జో' అని పిలిచి సేవించిన శిష్యుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఈయన నోరు పెద్దది. తోడివారు ఆ నోటిని ముంచుగరిటె యనిరి, వీథితలుపు అనిరి, తోలుసంచి అనిరి. మొదటిదగు 'డిప్పర్‌మౌత్' అనునది 1923లో గురువుగారి మేళము రికార్డు చేసిన యొక పాటకు శీర్షికయై నిలిచినది. కడపటిదగు 'సాచెల్‌మౌత్' 1932లో ఆయన లండను నగరమునకు బోయినప్పుడు, స్వాగతము పలుకవచ్చిన యొక సంగీతపత్రికా సంపాదకుని నాలుకపై కురుచవోయి 'సాచ్‌మో' అయ్యెనని చెప్పుదురు. పత్రికవాని నోటి తొందర ఒక మహావిద్వాంసుని లోకవిదితనామ మగుట మా వృత్తివారికి గర్వింపదగిన విషయమో సిగ్గుపడదగిన విషయమో నేను చెప్పజాలను. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రము దానిని 1954లో తన ఆత్మకథకు మకుటము చేసికొనెను. అయినను ప్రక్కన కూర్చుండి వాయించిన వారు ఆయన నెక్కువగా పిలిచిన పేరు అది కాదు, 'పాప్స్'. ఎదుటివారి పేరులు జ్ఞాపకముండక ఎల్లవారిని ఆయనయే పాప్స్ అని పలుకరించుచుండుటచేత, ఆ పలుకరింపు తిరిగివచ్చి పలుకరించినవానినే యంటుకొన్నది.

జెల్లీ రోల్ మార్టన్ పేరునకు అర్థము ఈ పత్రికలో వ్రాయదగినది కాదు. ఆయన పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున పియానో వాయించిన గృహము లెట్టివో తెలిసినవారు దానిని ఊహించుకొనగలరు.

ఇక డ్యూకు. ఎడ్వర్డ్ కెనెడీ ఎల్లింగ్టన్ 1899లో వాషింగ్టను నగరమున, ధనికుల యింట బట్లరుగా నుండి మర్యాదలను, మాటతీరును, వెండిగిన్నెల వరుసను కంఠపాఠముగ నెరిగిన యొక తండ్రికి జన్మించెను. చిన్ననాటి స్నేహితు డొకడు ఆయన వేషభాషల ఠీవిని చూచి డ్యూక్ అని పేరు పెట్టినాడు. కావున ఆ పేరు ఆయన సంగీతమునకు వచ్చినది కాదు, ఇస్త్రీ మడతకు వచ్చినది. న్యూజెర్సీ రాష్ట్రమున పుట్టిన విలియం బేసీ కాన్సస్ సిటీ చేరి, అచ్చటి క్లబ్బులో వాయించుచుండగా, రేడియోలో కచ్చేరి ప్రకటించువాడు "డ్యూక్ ఎల్లింగ్టన్ ఉన్నాడు, అర్ల్ హైన్స్ ఉన్నాడు, వీరి సరసన నిలువ బేసీకి గూడ నొక పదవి యుండవలదా" అను భావముతో కౌంట్ అని ప్రకటించెనని యొక కథ. ఇందొక చమత్కార మున్నది: హైన్స్‌కు అర్ల్ అనునది బిరుదము కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. ప్రభువంశమున పుట్టుకతో వచ్చిన పట్టము ఆ యొక్కనికే కలదన్నమాట.

ఇదంతయు పిల్లలు ఆడుకొను రాజామంత్రి యాటవలె కనబడును గాని, ఆ దినముల అమెరికాను దలచుకొన్నచో నవ్వు సగములో నాగిపోవును. జాతులను వేరుపరచి యుంచుట న్యాయసమ్మతమే యని 1896లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పురుషుని తెల్లవాడు 'మిస్టర్' అని సంబోధించుట ఆచారవిరుద్ధము. తల నెరిసిన గృహస్థునైనను 'బాయ్' అనియో, 'అంకుల్' అనియో, కాదేని ఉత్త మొదటిపేరుతోనో పిలుచుచుండిరి. అట్టి యూళ్లలో గోడమీద డ్యూక్ ఎల్లింగ్టన్ అని కాగిత మంటించినప్పుడు, ఆ నల్లవానిని అయ్యా యనుటకు నోరు రానివాడు గూడ, ఆ కాగితమును బిగ్గరగా చదివెనేని, ప్రభువా యని యనక తప్పదు. ఆ స్నేహితుడు ఇంత దూర మాలోచించి పేరు పెట్టెనని నేననను. పేరు చేసిన పని యిది. 1930ల దశకమున అదే ఎల్లింగ్టన్ దక్షిణ రాష్ట్రములకు కచ్చేరీలకు బోవునప్పుడు, ఏ హోటలువాడు గది నిరాకరించునో యను బాధ లేకుండుటకై, తన మేళమంతటికిని ప్రత్యేకముగ పుల్‌మన్ రైలుపెట్టెలను బాడుగకు దీసికొని అందులోనే బస చేయించెను. డ్యూకుగారికి ఊరిలో మంచము దొరకదు గనుక రాజప్రాసాదమును చక్రములమీద వెంటబెట్టుకొని తిరిగినాడు.

నా మనస్సునకు మిక్కిలి దగ్గరగా నున్న పేరులు ఒకరి కొకరు ఇచ్చిపుచ్చుకొన్నవి. టెనర్ శాక్సఫోను వాయించు లెస్టర్ యంగ్ న్యూయార్కు చేరి, హోటలు గదిలో ఎలుకలతో వేగలేక, గాయని బిల్లీ హాలిడే యింట, ఆమె తల్లి నీడన కొంతకాల ముండెను. రాజులును డ్యూకులును కౌంటులును ఈ దేశమున నిజముగ నెవ్వరును గారు, ఇచ్చట అందరికన్న ఎక్కువవాడు రూజ్‌వెల్టు, ఆయన అధ్యక్షుడు, కనుక లెస్టర్ గూడ అధ్యక్షుడే యని ఆమె తీర్మానించి, 'ప్రెసిడెంట్' అను మాటను కుదించి 'ప్రెజ్' అనినది. అతడు బదులుగా ఆమెను 'లేడీ డే' యనెను. ఆమె తల్లిని 'డచెస్' అనెను. హార్లెములోని యొక యద్దె యింటిలో ఈ విధముగ ఒక దొరసాని, ఒక రాజమాత, ఒక దేశాధ్యక్షుడు కలిసి భోజనము చేయుచుండిరి. బిల్లీకి లేడీ యను మాట అంతకుముందే యంటియున్నది: ఆమె తొలినాళ్లలో పాడిన హార్లెము క్లబ్బులో, బల్లమీద పెట్టిన డబ్బును చేతితో తాకక అసహ్యమైన భంగిమలో తీసికొనుట అక్కడి గాయనుల వాడుక కాగా, ఈమె అందుకు ఒల్లకుండుటచేత, తక్కినవారు "ఓహో, పెద్ద దొరసాని" అని యెత్తిపొడిచిరి. ఎత్తిపొడుపు నెత్తిపై పూలదండ యయ్యెను.

లెస్టర్ మాటలాడు భాష అతనికే ప్రత్యేకము. స్త్రీపురుష వివక్ష లేక పలువురు స్నేహితులను 'లేడీ' యని పిలుచును. గదిలో జాతిద్వేషము పొడకట్టినచో "చలిగాలి తగులుచున్నది" అని మాత్రమనును. ట్రంపెట్టు వాయించు హ్యారీ ఎడిసన్‌కు 'స్వీట్స్' అని పేరు పెట్టినది ఇతడే. అట్టి సుకుమారుని 1944లో సైన్యములోనికి లాగిరి. మరుసటి యేట మాదకద్రవ్యములు కలిగియున్నాడని సైనిక న్యాయస్థానము శిక్ష విధించి జార్జియాలోని నిర్బంధశాలకు పంపినది. బయటికివచ్చి అతడు రికార్డు చేసిన పాటలలో నొకదాని పేరు 'డీ.బీ. బ్లూస్', ఆ రెండక్షరములు ఆ నిర్బంధశాలకు సంకేతము. అధ్యక్షుని పేరు మోసినవాడు అధ్యక్షుని సైన్యమునందే ఖైదీ యగుటను గూర్చి నేను వ్యాఖ్యానింప నవసరము లేదు.

ఎల్లింగ్టన్ మేళములో నామకరణమునకు పురోహితు డొకడుండెను. ఆట్టో హార్డ్‌విక్ అను శాక్సఫోను వాద్యకారుడు ఆయన. ఇతరులు రెండు చేతులతో చేయు పనిని ఒక చేతితో చేయునని ట్రాంబోను నాంటన్‌కు 'ట్రికీ సామ్' అని పేరు పెట్టెను. పొట్టివాడైనను ట్రంపెట్టుతో కొండలు కదలించు రాయ్ ఎల్‌డ్రిజ్‌కు 'లిటిల్ జాజ్' అని పేరు పెట్టెను. అదే మేళములోని చార్లెస్ విలియమ్సు చిన్నతనమున కచ్చేరికి పోయివచ్చినప్పుడు, ఏమి వింటివిరా యని పెద్దలడుగగా, "కూటీ, కూటీ, కూటీ" అని బదులు చెప్పెనట. తాను విన్న ధ్వని తన పేరై, 1940లో ఎల్లింగ్టన్ అతనికొరకు కూర్చిన రచన 'కన్సర్టో ఫర్ కూటీ' అయ్యెను. డ్రమ్ములు వాయించు కెన్నీ క్లార్క్‌కు 'క్లూక్' అను పేరు గూడ అతడు పుట్టించిన దెబ్బ చప్పుడునుండియే వచ్చినది. ఇక ఎల్లింగ్టన్ మేళములోని జానీ హాడ్జెస్‌ను 'రాబిట్' అని యేల పిలిచిరో చెప్పుటలో ఆ మేళమువారికే యేకాభిప్రాయము లేదు: ఆకుకూర పెట్టిన రొట్టెముక్కలను కొరుకుచుండుటచే నని యొకరు, బడి యెగవేసి అధికారులకు దొరకక పరుగెత్తుటచే నని యింకొకరు. హాడ్జెస్ ముఖము చూచినవారికి మూడవ కారణమొకటి తోచును.

కథలు కలియకపోవుట ఈ శాస్త్రమునకు దోషము కాదు. ఒకే పల్లవిని పదిమంది పదివిధములుగ వాయించువారు తమ పేరుల పుట్టుకను మాత్రము ఒకేవిధముగ చెప్పుదురా? శాక్సఫోను విద్వాంసుడగు చార్లీ పార్కర్‌ను 'యార్డ్‌బర్డ్' అనియు, కుదించి 'బర్డ్' అనియు పిలుచుటకు చెప్పు కారణములలో నేను నమ్మునది జే మెక్‌షాన్ చెప్పినది. పార్కర్ అప్పుడు వాయించుచుండిన ఆయన మేళము నెబ్రాస్కాలోని లింకన్ పట్టణమునకు కార్లలో పోవుచుండగా ఒక కోడి చక్రముక్రింద పడినదట. పార్కర్ కారును వెనుకకు త్రిప్పించి, ఆ యార్డ్‌బర్డును చేతబట్టుకొని, దిగిన బసలోని యామెచేత వండించుకొని తినెనట. చచ్చిన కోడినుండి పుట్టిన యీ పేరు, ఆయన వాద్యము విన్నవారి మనస్సులో రెక్కలు దెచ్చుకొని ఆకాశమున కెగిరినది. 'యార్డ్‌బర్డ్ సూట్', 'ఆర్నితాలజీ' యను రచనలు వచ్చినవి. 1949లో న్యూయార్కు బ్రాడ్వేమీద ఆయన పేర బర్డ్‌లాండ్ అను క్లబ్బు వెలిసినది. ఆయన చివరి కచ్చేరి గూడ 1955 మార్చిలో అచ్చటనే జరిగినది; వారము తిరిగిన పిమ్మట, 12వ తేదీన, ముప్పదినాలుగేండ్ల వయస్సున మరణించెను. నగరపు గోడలమీద "బర్డ్ బ్రతికియే యున్నాడు" అను వ్రాతలు కనబడినవి. ఆ వ్రాసినవారికి కోడి కథ తెలిసినను తెలియకున్నను నష్టము లేదు.

పేరులన్నియు దయగలవి కావు. ట్రామ్ ప్రమాదమున చేయి పోయిన యొక న్యూ ఆర్లీన్స్ ట్రంపెట్టు వాద్యకారుని 'వింగీ' యనిరి. ఆబగా తిను జూలియన్ ఆడర్లీని నరమాంసభక్షకుడని వెక్కిరించిన మాట నోరుతిరుగక 'కానన్‌బాల్', అనగా ఫిరంగిగుండు, అయ్యెను. ఇది యొకవిధముగ మెరుగే. స్థూలకాయులందరిని 'ఫాట్స్' అనుట వాడుక. ఫాట్స్ వాలర్ ఆ పేరును టోపీవలె పెట్టుకొని నవ్వించెను. ఫాట్స్ నవారో సంగతి వేరు. క్షయవ్యాధి సోకి, ఒడలు కరగి, 1950లో ఇరువదియారేండ్లకే ఆ ట్రంపెట్టు విద్వాంసుడు పోయినప్పుడు, ఆ పేరు అతని శరీరమునకు ఏ విధముగను తగనిదై మిగిలినది. అయినను ఆయనను పేరు మార్చి పిలిచిన స్నేహితు డున్నట్లు నేను చదువలేదు.

ఇన్ని చెప్పిన పిమ్మట నా పక్షపాతమును దాచుకొనుటలో న్యాయము లేదు. మన సభలలో దుశ్శాలువ కప్పి, పత్రము చదివి సమర్పించు బిరుదములవంటివి జాజ్‌లో గూడ లేకపోలేదు. పాల్ వైట్‌మన్‌ను ప్రచారకులు జాజ్ చక్రవర్తి యనిరి, 1930లో ఆ పేరుతో చలనచిత్రమే తీసిరి. ఆ చిత్రమున జాజ్ పుట్టుకలో నల్లజాతివారికి చోటే యీయలేదు. బెనీ గుడ్‌మన్‌ను స్వింగు రాజనిరి. ఆయన గొప్ప క్లారినెట్టు విద్వాంసుడు, ఆ మాటలో అబద్ధము లేదు, కాని రుచియు లేదు. గోవాలో పుట్టి బొంబాయి హోటళ్లలో ట్రంపెట్టు మ్రోగించి, సి. రామచంద్ర హిందీ చిత్రగీతములకు ఊపు నిచ్చిన ఆంటోనియో జేవియర్ వాజ్‌ను గూడ పత్రికలు ఇండియా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని పొగడినవి. మనకు మిగిలిన ముద్దుపేరు 'చిక్ చాకొలెట్'. మొదటిది పోలిక, రెండవది మనిషి. ప్రకటనకర్త యిచ్చిన పేరు టిక్కెట్టు కొనువానికొరకు పుట్టును. పక్క కుర్చీలోనివాడు పెట్టిన పేరు, ఆ రాత్రి బస్సులో నిదురపట్టక, పదిమంది నవ్వుకొనుటకు పుట్టును. రెండవ రకమునే నేను నమ్ముదును.

పాఠకులకు ఒక మనవి. 1957 డిసెంబరు 8వ తేదీన అమెరికాలో సీ.బీ.ఎస్. టెలివిజను ప్రసారము చేసిన 'ది సౌండ్ ఆఫ్ జాజ్' కార్యక్రమములో బిల్లీ హాలిడే 'ఫైన్ అండ్ మెలో' పాడిన ఖండము నేడు ఇంటర్నెట్టులో ఎల్లరకును లభ్యము. నిడివి కొద్ది నిమిషములే. చూచుటకు ముందు, ఆమె చుట్టును అర్ధచంద్రాకారముగ నున్నవారి పేరులు నేర్చికొని కూర్చుండుడు: హాక్ అనబడు కోల్‌మన్ హాకిన్స్, లిటిల్ జాజ్, జెరూ అనబడు జెరీ మల్లిగన్, డాక్ చీతమ్. మొదట వాయించువాడు బెన్ వెబ్‌స్టర్, స్నేహితులకు 'ఫ్రాగ్'. ఆయన పిమ్మట వాయించు నతడు ప్రెజ్.