స్వామి కోపం ఎవరి పక్షం?

ఈ వారం ఒక గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం ముగుస్తుండగా ఇంటి అల్లుడు రైలుకు టైమవుతోందని లేచి వెళ్లిపోయాడు. ప్రసాదం ఇంకా చేతిలో పడలేదు. "కళావతి కథ ఇప్పుడే కదమ్మా విన్నాం" అంది ఒక పెద్దావిడ. అంతే, అతని భార్య మొహం పాలిపోయింది. రవ్వ ప్రసాదం ఆకులో పొట్లం కట్టుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా వీధి చివర ఆటో దాకా పరుగెత్తింది.

భయపెట్టి చేయించే భక్తితో ఈ శీర్షికకు ఎప్పటినుంచో పేచీ. పదిమందికి ఉత్తరం రాయకపోతే కీడు జరుగుతుందన్న పోస్టుకార్డుల మీద, వాటికి వారసులైన వాట్సాప్ సందేశాల మీద ఇక్కడ పడిన చివాట్లు పాత పాఠకులకు గుర్తుండే ఉంటాయి. దేవుడికి కోపమేమిటి, ఆయన దయామయుడు కదా అని ఈసారీ తేల్చేయవచ్చు. అందుకు పెద్దల అండా ఉంది. వేదాంత దేశికులు తిరుమలేశుడి దయనే దేవిగా సంబోధిస్తూ నూటికి పైగా శ్లోకాలతో దయాశతకం రాశారు. జీవుడి తప్పులు స్వామి మనసులో పెట్టుకోకుండా లక్ష్మీదేవి అడ్డుపడుతుందని శ్రీవైష్ణవులు నమ్ముతారు.

కానీ భాగవతం నవమ స్కంధంలో అంబరీషుడి కథ దగ్గరికి వచ్చేసరికి ఆ తీర్పు నిలవదు.

అంబరీషుడు ఏడాది వ్రతం పూర్తిచేసి, ద్వాదశి పారణకు సిద్ధమయ్యాడు. దుర్వాసుడు వచ్చాడు. రాజు భోజనానికి పిలిచాడు. ముని యమునకు స్నానానికి వెళ్లి ఎంతకీ తిరిగి రాలేదు. ద్వాదశి ఘడియలు దాటితే వ్రతభంగం, అతిథి కంటే ముందు తింటే అపచారం. పండితుల్ని అడిగి రాజు గుక్కెడు నీళ్లు మాత్రం పుచ్చుకున్నాడు. తిరిగొచ్చిన దుర్వాసుడు మండిపడి, తన జడ ఒకటి పెరికి కృత్యను పుట్టించి అతని మీదికి వదిలాడు. సుదర్శనం ఆ కృత్యను కాల్చి, మునిని తరిమింది. బ్రహ్మ కాపాడలేనన్నాడు, శివుడూ అంతే. చివరికి వైకుంఠం చేరి కాళ్ల మీద పడితే, తాను భక్తులకు వశమైనవాణ్ణని, వెళ్లి ఆ రాజునే అడగమని పంపేశాడు విష్ణువు.

చక్రం ఆయనది. దాన్ని ఆపే అధికారం మాత్రం దెబ్బతిన్నవాడి చేతిలో పెట్టాడు. దేవుడు వట్టి దయామయుడే అయితే వైకుంఠంలోనే మునిని క్షమించి పంపేవాడు. అప్పుడు ఆ క్షమ అంబరీషుడిని అడగకుండా, అతని తల మీదుగా జరిగిపోయేది. పక్కవాడికి జరిగిన అన్యాయాన్ని మనం ఉదారంగా మాఫీ చేసేయడం లాంటిదే అది. దుర్వాసుడు వెళ్లి రాజు పాదాలు పట్టుకున్నాడు. రాజు సిగ్గుపడిపోయి చక్రాన్ని ప్రార్థించాడు, అది శాంతించింది. అప్పటికి ఏడాది గడిచింది. అన్నాళ్లూ రాజు నీళ్లతోనే ప్రాణం నిలుపుకున్నాడు. మునికి వడ్డించాకే తాను తిన్నాడు.

నరసింహుడి సంగతీ ఇదే. హిరణ్యకశిపుడు లోకాలన్నిటినీ ఏడిపిస్తుంటే, వాడు కన్నకొడుకుకు ద్రోహం తలపెట్టిన రోజే చంపుతానని విష్ణువు దేవతలకు ముందే చెప్పాడు. చంపాక కోపం చల్లారలేదు. లక్ష్మీదేవే దగ్గరికి వెళ్లలేకపోయింది. అడ్డుపడాల్సిన తల్లే వెనక్కి తగ్గిందన్న మాట. మంగళగిరిలో పానకం పోసినా, సింహాచలంలో చందనం పూసినా స్వామిని చల్లబరచడానికేనని జనం అనుకుంటారు. భాగవతంలో బ్రహ్మ పంపింది ప్రహ్లాదుణ్ణి. పిల్లవాడు బెదరకుండా వెళ్లి సాగిలపడ్డాడు. గోళ్లకు ఇంకా నెత్తురంటిన చెయ్యి అతని తల మీద ఆనింది. తర్వాత వరం కోరుకోమంటే, తండ్రికి పాపం అంటకూడదని అడిగాడు. ఆ తండ్రితో పాటు ఇరవై ఒక్క తరాలు పునీతమయ్యాయన్నాడు స్వామి. ఇక్కడా మన్నింపు, దెబ్బలు తిన్నవాడు అడిగాకే వచ్చింది.

మరి కళావతి? భర్త ఓడలో తిరిగొచ్చాడన్న సంతోషంలో ప్రసాదం మరిచి పరుగెత్తిన పిల్ల ఎవరినీ నొప్పించలేదు. ఆమె భర్తను ఓడతో సహా మాయం చేసిన స్వామి ఆగ్రహం ఈ లెక్కకు అందదు, ఎంత సర్దిచెప్పుకున్నా మింగుడుపడదు. అదే వ్రతకథలో ఐదో అధ్యాయం వేరు. అడవిలో గొల్లలు ఆదరంగా తెచ్చి ముందుంచిన ప్రసాదాన్ని తుంగధ్వజుడు రాజునన్న పొగరుతో ముట్టలేదు. బిడ్డల్నీ సంపదనూ పోగొట్టుకుని, తిరిగి వెళ్లి ఆ గొల్లల మధ్యే కూర్చుని పూజ చేశాడు.

ఆ అధ్యాయం వచ్చేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలవుతుంది, పురోహితుడు గబగబా చదివి కొబ్బరికాయ కొట్టించేస్తాడు. వ్రతం చేయించుకునేవాళ్లు దాన్ని నిదానంగా చెప్పమని అడగాలి. అంట్లు తోమే మనిషికి ప్రసాదం పీటల దగ్గర ఇస్తున్నారో, పెరటి గుమ్మంలో నిలబెట్టి ఇస్తున్నారో ఆ పూటైనా చూసుకోవాలి.