పెన్సిల్ గీతకు ఎడమవైపు

పసిపిల్లల ఎదుగుదలలో జాప్యాన్ని తొలిదశలోనే పసిగట్టేందుకు మన దేశంలో వాడే సాధనాల్లో తిరువనంతపురంలోని శిశు వికాస కేంద్రం రూపొందించిన పట్టిక మిక్కిలి సరళమైనది. రెండేళ్లలోపు పిల్లలకు ఉద్దేశించిన దాని తొలి రూపంలో ఉన్నవి 17 అంశాలే: పలకరిస్తే నవ్వడం, మెడ నిలపడం, వస్తువును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకోవడం, రెండు మాటలు పలకడం, వెనక్కి నడవడం, బొమ్మ ముఖంలో అవయవాలను చూపించడం వంటివి. ఒక్కో అంశానికి ఒక్కో అడ్డపట్టీ గీసి ఉంటుంది. నూటికి ముగ్గురు పిల్లలు ఆ పనిని చేయగలిగే వయసు దగ్గర మొదలయ్యే ఆ పట్టీ, నూటికి 97 మంది చేయగలిగే వయసు దగ్గర ముగుస్తుంది. బిడ్డ వయసును నెలల్లో గుర్తించి అక్కడ పెన్సిల్‌ను నిలువుగా ఉంచినప్పుడు, దానికి ఎడమవైపే ముగిసిపోయిన పట్టీల్లో ఏ ఒక్క పని బిడ్డకు రాకపోయినా ఆ బిడ్డను నిపుణులకు చూపించాలి.

కొద్ది నిమిషాల్లో ముగిసే ఈ పని చూడటానికి తేలికే గానీ, వయసు లెక్క తప్పితే మొత్తం తప్పుతుంది. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఏడాది నిండిన రోజున పెన్సిల్ పెట్టవలసింది పది నెలల దగ్గర. రెండేళ్లు వచ్చేవరకు పాటించవలసిన ఈ సవరించిన వయసును మరచిపోతే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఇంట్లోనూ అనవసరపు భయం మొదలవుతుంది. పైగా ఇది వడపోత మాత్రమే, అంటే ఎవరిని లోతుగా పరీక్షించాలో తేల్చే తొలి మెట్టు. లోపం ఏమిటో చెప్పే నిర్ధారణ దీని తరువాతి పని. వేళకు నడిచి, వేళకు రెండు మాటలు పలికే బిడ్డ కూడా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవచ్చు, నచ్చిన వస్తువును వేలితో చూపించకపోవచ్చు. ఆటిజం ఛాయలను గుర్తించేందుకు 16 నుంచి 30 నెలల పిల్లల తల్లిదండ్రులను అడిగే 20 ప్రశ్నల ఎం-చాట్ వంటి పత్రాలు అందుకే విడిగా ఏర్పడ్డాయి. వాటిలో అనుమానం తేలిన పిల్లల్లోనూ చాలామందికి చివరకు ఆటిజం ఉండదు.

పిల్లల్లో ఇలాంటి జాప్యాలనూ గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార వైద్య బృందం అంగన్‌వాడీ కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు రావాలి. కొత్త మనుషులను చూసి ఆయా కొంగు చాటున దాక్కున్న బిడ్డ ఆ కొద్దిసేపట్లో నోరు విప్పకపోతే అది జాప్యమో బెరుకో వైద్యుడు చెప్పలేడు, రోజూ చూసే అంగన్‌వాడీ టీచర్ చెప్పగలదు. ఆ బిడ్డ అన్నం ముద్ద ఎలా అందుకుంటుందో, తోటివాళ్ల ఆటలోకి ఎలా దూరుతుందో ఆమెకు తెలుసు. అయినా నమోదు పత్రాల్లో ఆమె గమనింపుకు దక్కే చోటు స్వల్పం, ఈ వడపోత పనిలో జరుగుతున్న అన్యాయాల్లో ఇది పెద్దది. తండాలోనో కోయగూడెంలోనో పెరుగుతున్న బిడ్డను తెలుగు మాటలతోనే కొలవడం మరొకటి: రెండు భాషల మధ్య పెరిగే పిల్లల మాటలను రెండింటిలోనూ కలిపి లెక్కించాలి, అందుకు తల్లి పక్కన ఉండాలి. మాట రాని ఏ బిడ్డకైనా మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. చెవిలో పదేపదే చేరే నీరు సైతం మాటను వెనక్కి లాగుతుంది.

మగపిల్లలకు మాటలు ఆలస్యమని, వాళ్ల నాన్నకూ అయిదేళ్లకు గానీ రాలేదని పెద్దలు చెప్పే ఊరడింపు ప్రేమతో పుట్టినదే అయినా, మెదడు అత్యంత వేగంగా రూపుదిద్దుకునే నెలలను అది మింగేస్తుంది. అదే సమయంలో, రెండేళ్ల బిడ్డకు అంగన్‌వాడీ స్థాయిలోనే మందబుద్ధి అని ముద్ర వేయడం అంతకంటే పెద్ద తప్పు. టీచర్ చెప్పవలసింది తాను చూసినదే: బిడ్డ ఏమి చేస్తున్నాడు, ఏమి చేయడం లేదు, ఎన్నాళ్లుగా. జిల్లా ఆసుపత్రులకు అనుబంధంగా ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాల సేవలు ఉచితమే గానీ, ఆ సంగతి తెలియక, దారి తెలియక, కూలి పోతుందని జంకి వెళ్లని కుటుంబాలు ఉంటాయి. అనుమానం తేలిన ప్రతి బిడ్డ పత్రంలోనూ వెళ్లవలసిన చోటు, తేదీ, మళ్లీ చూసే రోజు రాసి దాని నకలును తల్లి చేతికి ఇచ్చేలా అంగన్‌వాడీలను పర్యవేక్షించే ప్రాజెక్టు అధికారులు, సూపర్‌వైజర్లు పట్టుబట్టాలి.