పెరటి పూలకు ఫ్రెంచి పలుకులు

ఓ చిట్టి వాక్యమా! బందరు గాలి ఉప్పుతో తడిసి, ఊరంతా ఊగుతూ వచ్చే వేళ నిన్ను నేర్చుకుంటున్నాను. సే త్యూన్ ఫ్లర్. ఇది పువ్వు. ఎల్ ఏ బ్లాంష్. తెల్లగా ఉంది. ఎల్ సాఁ బొఁ. ఘుమఘుమలాడుతోంది. ఇంతే నువ్వు, ఇంతలోనే ఎంత నువ్వు! ప్రబంధాల పూదోటల్లో పెరిగిన నాలుక నాది. సమాసాల సంపెంగలు, శ్లేషల సన్నజాజులు దానికి చిన్ననాటి చెలిమి. ఆ నాలుకకు నువ్వు మౌనవ్రతంలా వచ్చావు. ఒక్క ఊపిరికి ఒక్క రంగు. ఒక్క చూపుకు ఒక్క మాట. మాట తక్కువైనకొద్దీ చూపు నిండింది. ఏళ్లుగా పూజకు కోసిన పువ్వును నీ వల్లనే మొదటిసారి నిలబడి చూశాను.

పువ్వును నువ్వు ‘అది’ అనవు తల్లీ, ‘ఎల్’ అంటావు. ఇంటి ఆడపడుచును పిలిచినంత గారంగా! ఆమె కోసం తెలుపు సైతం తన రూపు దిద్దుకుని, బ్లాఁ కాస్తా బ్లాంష్ అవుతుంది. మల్లె మాత్రం నీ కొలువులో మగవాడు: ల జాస్మేఁ ఏ బ్లాఁ. దివిసీమ జడల్లో రాజ్యమేలే మహారాజు!

గుడివాడ పెరట్లో ఎర్రటి మందారం, రూజ్. అవనిగడ్డ దారిలో చెరువు నిండా గులాబీరంగు తామర, రోజ్. హంసలదీవిలో కృష్ణమ్మ కడలిని కలిసే చోట, ఇసుక మీద పాకే తీగకు పూసిన ఊదాపువ్వు, వ్యొలెత్. ఎవరూ కోయని పువ్వది, ఏ దేవుడి మెడకూ చేరని పువ్వది. దానికీ నీ దగ్గర ఒక పూర్తి వాక్యం ఉంది!

నువ్వు ఈ రేవుకు పరాయిదానివి కావు. 1669లో ఫ్రెంచి కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. ఫ్రెంచిపేట పేరు బందరు నోట నేటికీ పలుకుతోంది. మాటలు ఇటు రాగా మా పూలు అటు వెళ్లాయి. చిరివేరు ఎరుపులో మునిగి, నీలిమందులో తేలి, కరక్కాయ పసరు తాగి, పటికతో పదునెక్కి, పారే నీట ఉతికినకొద్దీ బట్టల మీద వికసించిన అద్దకపు పూలు! ఆ మోజుకు బెదిరి ఫ్రాన్సు 1686లో పూల అద్దకాలనే నిషేధించింది. అయినా అక్కడి స్త్రీలు చాటుగా కట్టారు, ధీమాగా కట్టారు. 1759లో నిషేధం తొలగింది. ఆ ఏడాదే బందరు కోట ఫ్రెంచివారి చేజారింది. కోట పోయింది, పువ్వు గెలిచింది. నాకు ఆ గెలుపే ముఖ్యం.

ఫ్రెంచి నేర్చుకునే కృష్ణాతీరపు పిల్లలారా, పాఠంలోని తులిప్ పూలు కాసేపు ఆగుతాయి. ముందు మీ పెరట్లోకి వెళ్లండి. మందారం ముందు నిలబడి, దాని రంగును కళ్లారా చూసి, గొంతెత్తి చెప్పండి: లిబిస్క్యూస్ ఏ రూజ్.