స్టెప్నీ సంచి కుట్టు

ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు వెనుక తలుపు మీది స్టెప్నీకి తరచూ ఒక కాన్వాస్ సంచి వేలాడుతుంది. చెత్త, తడి తాళ్లు, వంటచెరకు బండి లోపలికి రాకుండా అందులోనే ఉంటాయి. దాని మన్నిక ముందుగా కుట్టులో తెలుస్తుంది. మంచి పనివాడు ఎండకూ తేమకూ చివికే నూలుదారం ముట్టడు. పాలియెస్టర్ దారంతో జంట కుట్టు వేస్తాడు. పట్టీ కలిసేచోట చతురస్రంగా కుట్టి, మూల నుంచి మూలకు మరో రెండు వరుసలు నడుపుతాడు. బరువంతా పడేది అక్కడే గనుక ఆ ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే. అడుగున పీవీసీ గుడ్డ, నీరు కారిపోవడానికి ఇత్తడి రింగులు వేసిన కన్నాలు ఉండాలి. పట్టీలు చక్రాన్ని బిగువుగా పట్టాలి. గతుకుల్లో ఊగే సంచి రాపిడికే చిరిగిపోతుంది. నిండినప్పుడు కూడా అది నంబర్ ప్లేటునూ బ్రేక్ లైట్లనూ కప్పకూడదు.